మా ఇంటికి కరెంటు మోసుకొచ్చిన వాళ్లందరికీ

అందరికీ నమస్కారం అండి.

మొన్నటి వరదలో మా ఇంటికి కరెంటు అందించి మా ఆవిడని కాపాడిన మీకు ఈ మాటలు పదిరోజుల కిందటే రాయాల్సింది. ఇంట్లో బురద కడుక్కోవడం, మా ఆవిడని అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్లి తీసుకురావడం, వీటితోనే సరిపోయింది. ఇప్పుడు ఆవిడ కులాసాగా ఉంది. పొద్దున్నే అరుగు మీద కూర్చుని "వాళ్లకి రాశారా, లేదా?" అని రోజూ అడుగుతోంది. ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పాను గానీ, నలుగురూ చూసేలా చెప్పాలని ఆవిడ పట్టు. నాకూ అదే న్యాయంగా తోచింది.

నేను తెలియనివాళ్లకి నాలుగు ముక్కలు. మాది కోనసీమలో పి.గన్నవరం దగ్గర, గోదావరి పాయల మధ్య ఒక లంక. మా నాన్న కొబ్బరి దింపు తీసేవాడు. నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదివి, ఇళ్లకి వైరింగు చేసుకుంటూ బతికాను. 1996 నవంబరు 6 తుఫాను తర్వాత కొన్ని నెలలు కోనసీమలో స్తంభాలు నిలబెట్టే పనికి కూలికి వెళ్లాను. ఒక ఊళ్లో రేకుల ఇంటికి కరెంటు వచ్చిన రోజే, ఆ ఇల్లాలు తడిబట్టలు ఇనప తీగ మీద ఆరేస్తూ షాక్ కొట్టి పడిపోయింది. తొక్క ఊడిన వైరు రేకుకి తగిలి ఉంది, తీగ ఆ రేకు కమ్మీకే కట్టి ఉంది. ఎర్తింగు లేదు. ఆవిడ దక్కలేదు. ఇంటికి వైరు లాగి వచ్చేస్తే మన పని అయిపోదని, ఆ ఇంట్లో వాళ్లని కూర్చోబెట్టి కరెంటు సంగతి చెప్పేవాడు ఒకడు కావాలని ఆ రోజు అనిపించింది. అలా మొదలైంది నా పాఠం.

ఐటీఐ పిల్లలకి, శిక్షణ కేంద్రాల్లో కుర్రాళ్లకి, డ్వాక్రా అక్కచెల్లెళ్లకి ఇన్నేళ్లుగా చెబుతున్నది ఒక్కటే సబ్జెక్టు: ఇంట్లో కరెంటు, ఇంట్లో పొయ్యి. వెయ్యి వాట్లు గంటసేపు వాడితే ఒక యూనిట్ అని బిల్లు చేతిలో పెట్టి లెక్క కట్టించడం. పాత ఫ్యాను 75 వాట్లు తింటే బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతో అదే గాలి ఇస్తుందని మీటరు పెట్టి చూపించడం. ఫ్రిజ్ తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగితే, అది సులువుగా వచ్చేస్తే రబ్బరు పాడైనట్టని చెప్పడం. షాక్ కొట్టగానే కరెంటు తెగ్గొట్టే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ ఇంటింటికీ పెట్టించమని బతిమాలడం. లంక ఇళ్లలో స్విచ్‌బోర్డులు 1986 వరద గీతకి పైనే ఉండాలని పోట్లాడటం. ఆ ఏడాది ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు పోయాయి. మా ఇంటి గోడ మీద ఆ గీత ఇప్పటికీ ఉంది, సున్నం వేసినప్పుడల్లా నేనే మళ్లీ గీస్తాను.

ఈ పాఠాల్లో ఒకటి మా ఇంట్లోనే ఆలస్యమైంది. పెళ్లైన కొత్తలో మా ఆవిడ వంట కొబ్బరి మట్టలు, డొక్కలతోనే. వానాకాలంలో అవి తడిసి, చిన్న వంటగది అంతా పొగ. గ్యాసు వచ్చాక కూడా సిలిండరు పొదుపని చాలా ఏళ్లు ఆ పొయ్యి మానలేదు. నేను ఊరూరా తిరిగి పొగ ఊపిరితిత్తుల్ని తినేస్తుందని చెబుతుంటే, ఆవిడ ఇంట్లో దగ్గుతూ ఉండేది. తను బీడీ ముట్టుకున్న మనిషి కాదు. డాక్టరుగారు సీఓపీడీ, అంటే ఊపిరితిత్తులు పాడై ఊపిరి అందని జబ్బు అని చెప్పి, పొయ్యి పొగ ఎన్నేళ్లు పీల్చిందని అడిగినప్పుడు నేను తల ఎత్తలేకపోయాను. రెండేళ్లుగా ఇంట్లోనే ఆక్సిజన్ కాన్సంట్రేటరు మీద ఉంది. అది గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే, కరెంటుతో నడిచే యంత్రం.

ఇక మొన్నటి వరద. గోదావరికి ఎర్రనీరు, అదే వరదనీరు, వస్తుందని తెలుసు, సిద్ధంగానే ఉన్నాం అనుకున్నాను. రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చిన రోజు సాయంత్రానికి లంకని ఒడ్డుతో కలిపే కాజ్‌వే మునిగింది. రాత్రికి ట్రాన్స్‌ఫార్మరు దిమ్మ దాకా నీళ్లు రావడంతో సరఫరా ఆపేశారు. ఆపడమే సరైన పని. ఆపకపోతే మనుషులు పోయేవాళ్లు. ఆవిడని ముందే ఒడ్డుకి దాటించాల్సింది, గేదెల్ని ఏటిగట్టు మీదికి తోలి వచ్చేసరికి ఆలస్యమైపోయింది. చీకట్లో, ఆ సుడుల్లో మంచాన ఉన్న మనిషిని పడవ ఎక్కించే ధైర్యం నాకు లేకపోయింది. నింపి పంపుతామన్న ఆక్సిజన్ సిలిండరు దుకాణం వాళ్లు పంపలేదు. ఇంట్లో ఉన్న చిన్న సిలిండరులో సగమే ఉంది. నిండుగా ఉంటే 1500 లీటర్లు, నిమిషానికి 2 లీటర్ల చొప్పున పన్నెండు గంటలు. సగం అంటే ఆరు.

కాన్సంట్రేటరు 350 వాట్లు. నా ఇన్వర్టరు బ్యాటరీ 12 వోల్టులు, 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు). కాగితం మీద 1800 వాట్ అవర్లు, నష్టాలు పోను చేతికొచ్చేది పద్నాలుగు వందలు. నాలుగు గంటలు. పిల్లలకి వందసార్లు చేయించిన లెక్కే. ఆ రాత్రి అదే లెక్క వేస్తుంటే నా చెయ్యి వణికింది.

ఫోన్లో ఇరవై శాతం ఛార్జింగు ఉంది. పాత విద్యార్థుల గ్రూపులో ఒక్క వాక్యం పెట్టాను. నిమిషంలో రావులపాలెం అమ్మాయి ఫోను. 2019 బ్యాచ్ తను. ఏడవలేదు, అయ్యో అనలేదు. "మాస్టారూ, ముందు ఫ్రిజ్, ఫ్యాన్లు, మోడెము అన్నీ తీసేశారా? ఇన్వర్టరు మీద మిషను ఒక్కటే ఉంచండి. బ్యాటరీ వోల్టేజీ ఎంతో చెప్పండి" అంది. మొదటి క్లాసులో నేను బోర్డు మీద రాసే మాటే అది: ముందు లోడు తగ్గించు, ఆ తర్వాతే కరెంటు వెతుకు. చెప్పిన నేను మర్చిపోయాను. ఫ్యాను తిరుగుతూనే ఉంది. తను అడిగాక లేచి తీశాను.

తెల్లారేసరికి రేవులో నాటుపడవ ఉంది. దాన్ని నడిపినాయన ఎప్పుడూ నా క్లాసుకి రాలేదు, నాకు ఆయనతో పెద్ద పరిచయం కూడా లేదు. వరదలో ఆ ఏరు దాటడం అంటే ఏమిటో మన వాళ్లకి చెప్పక్కర్లేదు. పడవలో చెరువు మీద వాడుకునే చిన్న జనరేటరు పంపిన రొయ్యల రైతు అన్నయ్యకి, ఇంటింటికీ తిరిగి బండ్లలోంచి లీటరు, అరలీటరు పెట్రోలు తీసి డబ్బాలు నింపిన డ్వాక్రా అక్కలకి, రెండు నిండు సిలిండర్లు పట్టుకొచ్చిన ఆశా చెల్లెమ్మకి చేతులెత్తి దండం పెడుతున్నాను. జనరేటరు ఇంట్లో పెట్టనివ్వకుండా, దాని పొగ ప్రాణం తీస్తుందని మేడ మెట్ల మీదికి మోయించింది కూడా ఆ అక్కలే. ఆ జాగ్రత్త వాళ్లకి నేను చెప్పి ఆరేళ్లు అయ్యుంటుంది.

జనరేటరు ఒక్కదాన్నే నమ్ముకుంటే పెట్రోలు చాలదు. రోజంతా మిషను నడవాలంటే ఎనిమిదిన్నర యూనిట్లు. మధ్యాహ్నానికి ఇద్దరు కుర్రాళ్లు నాలుగు సోలార్ ప్యానెళ్లు, రెండు బ్యాటరీలు, లైను కరెంటులా సాఫీగా కరెంటు ఇచ్చే ఒక సైన్‌వేవ్ ఇన్వర్టరు తెచ్చారు. నా పాత ఇన్వర్టరు మీద మిషను మోటారు వేడెక్కి మూలుగుతోందని ఫోన్లో ఆ శబ్దం విని కనిపెట్టారట. ఇళ్ల మీద సోలారుకి కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకి 78 వేలు సబ్సిడీ వస్తుండటంతో వాళ్లకి చేతినిండా పని. ఆ పని ఆపుకుని, ఓ గిరాకీకి బిగించాల్సిన ప్యానెళ్లే ఆయన్ని అడిగి తెచ్చారు. ఇచ్చిన ఆ ఇంటాయన ఎవరో నాకు ఇంకా తెలియదు. ఆయనకి నా నమస్కారం.

మా డాబా మీద పక్కింటి కొబ్బరిచెట్ల నీడ పడుతుంది. వరుసగా కలిపిన ప్యానెళ్లలో ఒక్కదాని మీద మట్ట నీడ పడినా మొత్తం కరెంటు పడిపోతుంది. కుర్రాళ్లు నా వంక చూశారు, నేను నోరు తెరవలేదు. కాపు మీదున్న చెట్టు పచ్చి మట్ట నరకమని కోనసీమలో ఎవరినీ అడగలేం. ఆ పక్కింటి మా బాబాయిగారు, ఎనభై దాటిన మనిషి, కిందనుంచే "ఏ మట్టలు అడ్డమో చూసి కొట్టేయండ్రా" అన్నారు. నాలుగు మట్టలు కొట్టారు. బాబాయిగారూ, ఆ చెట్టు మా నాన్న దింపు తీసిన చెట్టు. మీరు చేసింది నేను మర్చిపోలేనండి.

పగలు ఎండ ఉన్నంతసేపు ప్యానెళ్లు, రాత్రి జనరేటరు, మధ్యలో బ్యాటరీలు. ఐదు రోజులు. మిషను ఒక్క పూట కూడా ఆగలేదు. రాత్రుళ్లు వంతులు వేసుకుని ఒకరు వోల్టేజీ చూస్తుంటే ఒకరు పడుకున్నారు. మూడో రాత్రి మా ఆవిడ "పిల్లలు అన్నం తిన్నారా?" అని మాస్కు తీసి అడిగింది. మాస్కు తీసినందుకు రావులపాలెం అమ్మాయి కోప్పడింది. తను అప్పటికే పడవెక్కి వచ్చేసింది.

నీళ్లు తీసాక లైన్‌మెన్ మోకాలి లోతు బురదలో స్తంభం స్తంభం తిరిగి సరఫరా ఇచ్చారు. అయినా మా కుర్రాళ్లు వెంటనే మెయిన్ వేయనివ్వలేదు. వైరు తొక్కలోంచి కరెంటు కారుతుందేమో చూసే మెగ్గరు మీటరు పెట్టి తడిసిన వైరింగు చూశాకే వేశారు. మా ఇంటితో ఆగకుండా వీధి మొత్తం చూశారు. రెండు ఇళ్లలో ఎర్త్ ఫాల్టు, అంటే కరెంటు నేలలోకి కారే లోపం, దొరికింది. ఆ రెండిళ్లలోనూ చిన్నపిల్లలు ఉన్నారు.

మా ఆవిడ కొబ్బరి లౌజు చేయించి డబ్బాల్లో పెట్టించింది, ఆదివారం పట్టుకొస్తాను. జనరేటరు సర్వీసు చేయించి రైతు అన్నయ్యకి అందించాను. ప్యానెళ్లు, సైన్‌వేవ్ ఇన్వర్టరు కూడా చేరిపోయాయి. రెండు బ్యాటరీల మీద మాత్రం పేర్లు లేవు. ఒకదాని మీద నీలం రంగు టేపు చుట్టి ఉంది, రెండోదానికి పిడి విరిగింది. ఎవరివో చెప్పండి. నిండా ఛార్జ్ చేసి, డిస్టిల్డ్ వాటర్ పోసి ఉంచాను.