నీ స్పీకర్ చావలేదురా

కడప
ఆదివారం, పొద్దున

ఒరేయ్ కుండోడా,

ముందు నాలుగు తిట్టుకో, తర్వాత చదువు. ఫోన్ చేసినప్పుడల్లా "ఉత్తరం ఏదిరా" అని నువ్వు, "రాస్తున్నా, రాస్తున్నా" అని నేను. కాగితం ముందేసుకుంటే చాలు, కరెంటన్నా పోతుంది, మా నాయనకు బజారు పనన్నా గుర్తొస్తుంది. ఈ రోజు మాత్రం తప్పదు. మీ పెదనాయన కొడుకు మధ్యాహ్నం మద్రాసుకు బయలుదేరుతున్నాడు, రాత్రికి కువైట్ ఫ్లైటు. మీ అమ్మ కట్టిన కారప్పొడి, చింతకాయ తొక్కు మూటలోనే ఈ కాగితాలు కూడా పెట్టిస్తా. నూనె మరకలు కనిపిస్తే మీ అమ్మనడుగు, నన్ను కాదు.

ఇక్కడ అందరూ బాగున్నారు. మీ అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది, మీ మిద్దె మీద ట్యాంకుకు మూత వేయించాను, మా చెల్లెలి పెళ్లి మాటలు ఇంకా మాటల్లోనే ఉన్నాయి. ఎండల గురించి కడపోడికి చెప్పేదేముంది. కబుర్లు అయిపోయాయి, ఇక అసలు సంగతి.

నీ స్పీకర్ చావలేదు.

ఏ స్పీకరా? సుమో డిక్కీలో పెట్టించుకుని, నెల తిరక్కముందే "లోపలి తీగ కాయిల్ కాలిపోయిందిరా, డబ్బులు బుగ్గవంకలో పోసినట్టే" అని ఏడ్చి, మా అటక మీద పారేసి విమానం ఎక్కావే, బేస్ మోగించే ఆ పన్నెండంగుళాల సబ్‌ఊఫర్. దానికి ఒక్క గీత కూడా పడలేదు. ఇన్నాళ్లూ అటక మీద మా అమ్మ ఊరగాయ జాడీల పక్కన హాయిగా పడుకుంది.

మొదట్నుంచి చెప్తా, మధ్యలో కాగితం మడిచి జేబులో పెట్టుకోకు.

మా నాయన మారుతీ ఎనిమిదొందలు గుర్తుందిగా. డోర్లకు లోపల ఉన్నది ఉత్త హార్డ్‌బోర్డు అట్ట, పైన రెక్సిన్. వానలకు నీళ్లు తాగీ తాగీ అట్ట ఉబ్బిపోయింది, రెక్సిన్ లేచి వేలాడుతోంది. కూర్చున్నోళ్ల మోచేతికి పొట్టు రాలుతుంది. కంపెనీ ఆ బండి తయారీనే 2014లో ఆపేసింది. ఏడు రోడ్ల దగ్గర సీటు కవర్లు కుట్టే మన భాయ్‌ని కొత్త డోరు అట్టల కోసం అడిగితే, "కొత్తది దేనికి, చేసుకుంటే పోలా? చేసేటప్పుడే స్పీకర్‌కు చోటు పెట్టుకో" అన్నాడు. ఆ మాట అన్నాక నాకు నిద్ర పడుతుందా?

ఆ బండి డోరు ఎంత పల్చనో నీకు తెలుసు, మన ఇద్దరి వేళ్లూ అందులో నలిగాయి. ఆరున్నర అంగుళాల స్పీకర్ పెడదామంటే వెనక అయస్కాంతం పోయి కిటికీ గ్లాసుకు తగులుతుందేమోనని భయం. లోపల ఎంత చోటుందో టేపు పెట్టి కొలవడానికి చెయ్యే దూరదు. మా అమ్మ చపాతీలకు కలిపిన పిండిలోంచి ఒక ముద్ద గిల్లుకొచ్చి అయస్కాంతం వెనక అంటించాను. స్పీకర్‌ను రంధ్రంలో ఆనించి పట్టుకుంటే, భాయ్ హ్యాండిల్ తిప్పి గ్లాసు మొత్తం కిందికి దించి మళ్లీ ఎత్తాడు. బయటికి తీసి చూస్తే ముద్ద అప్పడమైపోయింది, మీద గ్లాసు అంచు గీత అచ్చు పడినట్టు ఉంది. ఇంకేం, స్పీకర్‌ను ముప్పావు అంగుళం బయటికి లాగాల్సిందే. పద్దెనిమిది మిల్లీమీటర్ల ఎం.డీ.ఎఫ్. చెక్కతో, అదే చెక్క నార నొక్కి చేసే పలకతో, రింగులు కోయించాను. ఎం.డీ.ఎఫ్.కు నీళ్లంటే పడదు, తడిస్తే బిస్కెట్టులా ఉబ్బుతుంది. అందుకని రింగులకు నాలుగు వైపులా రెసిన్, అదే రాయిలా గట్టిపడే జిగురు, పూసి ఆరబెట్టాకే బిగించాం.

రింగు ఊరికే నిలువుగా పెడితే శబ్దమంతా మన మోకాళ్లకే వినబడుతుంది. కాస్త పైకి, కాస్త లోపలికి తిప్పి, పుల్లలు నిలబెట్టి గ్లూ గన్‌తో అతికించాం. ఆ రింగు మీదినుంచి ప్యానెల్ అంచుల దాకా సాగే గుడ్డ ఒకటి బిగుతుగా లాగి కట్టి, దానికి రెసిన్ పట్టిస్తే గట్టిపడి ఒంపు దానంతటదే వస్తుంది. గుడ్డ పల్చటి ఫ్లీస్ అయితే మంచిది. మా ఇంట్లో ఫ్లీస్ అంటే నువ్వు కిందటేడు పంపిన నీలం దుప్పటి ఒక్కటే. ఇంతకంటే చెప్పను. మా అమ్మతో మాట్లాడినప్పుడు దుప్పటి ఊసెత్తావంటే నీకూ నాకూ కటీఫ్.

రెసిన్ పని మాత్రం తెల్లవారకముందే. వంద గ్రాముల రెసిన్‌కు, దాన్ని గట్టిపరిచే హార్డ్‌నర్ ఒకటి రెండు గ్రాములు అంటారు కానీ, అది చల్లటి ఊళ్ల లెక్క. ఇక్కడ ఎండెక్కాక రెండు గ్రాములు వేస్తే బ్రష్ ముంచేలోపే మగ్గులో గడ్డకట్టి పొగలేస్తుంది. త్వరగా గట్టిపడేలా చేసే కోబాల్ట్ ముందే కలిపిన రెసిన్ తెచ్చుకున్నాను. కోబాల్టూ హార్డ్‌నరూ విడిగా తెచ్చుకుని పొరపాటున రెండూ నేరుగా కలిపితే భగ్గుమంటుంది, ఆ తంటా ఎందుకని. గుడ్డ గట్టిపడ్డాక వెనకవైపు గాజు నార మ్యాటు పొరలు పొరలుగా వేసి రెసిన్ తాపాం. ఆ తర్వాత పుట్టీ, ఎనభై నంబరు ఎమ్రీ పేపరు, మళ్లీ పుట్టీ, నూట ఇరవై, రెండొందల ఇరవై. మాస్కు కట్టుకున్నా, చేతులకు కొబ్బరినూనె పూసుకున్నా, రాత్రిపూట ఆ గాజు దురద... దాని గురించి రాస్తుంటేనే గోకబుద్ధేస్తోంది, వదిలేయ్.

రెక్సిన్ వేసేటప్పుడు భాయ్ చెయ్యి చూడాలిరా నువ్వు. జిగురు సొల్యూషన్ రెండు వైపులా పూసి, వేలితో ముట్టి, అంటుకోకుండా జిగట మాత్రం తగిలేదాకా ఆగుతాడు. ఎంత తొందరపెట్టినా వినడు. తర్వాత హెయిర్ డ్రయ్యరుతో వేడి చేస్తూ ఒంపు నడిమధ్య నుంచి అంచులకు బొటనవేలితో తోసుకుంటూ పోయాడు. ముడత అన్నది లేదు. గుండ్రటి మూతి దగ్గర కత్తెరతో చిన్న చిన్న గాట్లు పెట్టి లోపలికి మడిచేశాడు. అంత పని చేసి, టీ తాగి, "కుట్టు లేని పని, దీనికి డబ్బులేంటి" అని పోయాడు. బలవంతంగా జేబులో పెట్టాల్సొచ్చింది.

అయ్యో, డోరు లోపలి సంగతి మర్చిపోయా. రేకు అదురు తగ్గించే డ్యాంపింగ్ షీట్లు వేశాం, బ్యూటైల్ రబ్బరువి. చవగ్గా దొరికేది మిద్దెలకు వేసే తారు షీటు. అది మన ఎండకు కారిపోయి బండంతా తారు కంపు కొడుతుంది. లోపలి రేకుకు ఉన్న పెద్ద రంధ్రాలు కూడా మూసేశాం, అడుగున నీళ్లు పోయే బెజ్జాలు తప్ప. ఇప్పుడు డోరు వేస్తే "టంగ్" అనడంలేదు, "డబ్" అంటోంది. మా నాయన పనేం లేకపోయినా పోయి ఒకసారి తీసి వేసి వస్తున్నాడు.

సరే, నీ స్పీకర్.

సన్నటి శబ్దాలనూ బరువైన శబ్దాలనూ విడదీసి వేరే వేరే స్పీకర్లకు పంపే క్రాసోవర్ల డబ్బా కోసం అటకెక్కాను. అక్కడ నీ రెడీమేడ్ డబ్బా కనబడింది. ఎక్కడ కొన్నావో ఆ దుకాణం ఊసు ఎందుకులే. స్క్రూలు విప్పి లోపల చూస్తే, పన్నెండు మిల్లీమీటర్ల పొట్టు చెక్క, మూలల్లో జిగురు చుక్క లేదు, ఉత్త స్టేపుల్ పిన్నులు. పైన కార్పెట్ అంటించి కప్పెట్టారు. ఆ సందుల్లోంచి చీమలు వరసగా పోతున్నాయి, ఇక గాలి ఎంత పోతుందో నువ్వే లెక్కేసుకో.

స్పీకర్ ముందు కదిలే కోన్ మీద నాలుగు వేళ్లు పెట్టి నొక్కా. మెత్తగా లోపలికి పోయి బయటికొచ్చింది. కాలిన కాయిలైతే ఒరుసుకోవాలి కదా, గరగర అనాలి కదా. మల్టీమీటర్ పెట్టా. దానికి రెండు కాయిల్స్ ఉంటాయి, నాలుగేసి ఓంలవి. వైర్లు విప్పకుండా పెడితే 1.8 చూపించింది, అంటే రెండూ కలిసే ఉన్నాయి, రెండూ బతికే ఉన్నాయి. నాకు చెమటలు పట్టాయి. అప్పుడు వైర్ల వంక సరిగ్గా చూశాను. రెండు కాయిల్స్ ప్లస్సులు ఒక చోట, మైనస్సులు ఒక చోట కలపాలి. నీకు బిగించిన ఆ పిల్లోడు ఒకదాని ప్లస్సును ఇంకోదాని మైనస్సుకు, అటూ ఇటూ రెండు వైపులా, ముచ్చటగా టంకం పెట్టి మరీ కలిపాడు! ఒక కాయిల్ కోన్‌ను ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతోంది. కోన్ కదలదు, కరెంటంతా వేడి అయిపోతుంది. నువ్వేమో వినబడ్డంలేదని శబ్దం పెంచే ఆంప్‌ను ఇంకా పెంచావు, వాసనొచ్చింది, కాలిపోయిందన్నావు. రాయచోటి దాకా పోయి ఆ పిల్లోడినే రెండో అభిప్రాయం అడిగొచ్చావు చూడు, అదీ నీ తెలివి.

టంకం ఊడదీసి, టీవీ రిమోట్లోంచి పెన్సిల్ సెల్లు తీసి ఒక్కో కాయిల్‌కు ముట్టించా. టప్, ముందుకు. రెండోది, టప్, అదీ ముందుకే. రెండూ కలిపి ముట్టించా. ఒరేయ్, అటక మీద ఒక్కడినే కూర్చుని అరిచా, మా అమ్మ కింద పడ్డాననుకుని పరిగెత్తుకొచ్చింది.

ఆ రోజే లెక్క వేసుకున్నా. కొత్త డబ్బా, సీల్డ్, అంటే గాలి ఎటూ పోకుండా మూసేసింది. లోపలి కొలత వెడల్పు 20 అంగుళాలు, ఎత్తు 13, లోతు 7. మొత్తం 1,820 ఘనపుటంగుళాలు. ఘనపుటడుగంటే 1,728. మిగిలింది స్పీకర్ వెనక భాగం ఆక్రమించే చోటు. గొట్టం పెట్టి పోర్టెడ్ చేస్తే ఇంకా గట్టిగా మోగేది, కానీ డబ్బా పెద్దదవుతుంది, ఎనిమిదొందల డిక్కీలో మా నాయన కూరగాయల సంచి ఎక్కడ పెట్టాలి? పైగా ఆయనకు కావాల్సింది డప్పు డప్పులా, మద్దెల మద్దెలలా వినబడటం. అది సీల్డ్‌లోనే శుభ్రంగా ఉంటుంది. కోన్ ముందు నుంచి ఒక గాలి, వెనక నుంచి దానికి ఎదురు గాలి. రెండూ కలిశాయంటే ఒకదాన్నొకటి తినేస్తాయి. వెనకది డబ్బాలో బంధించాలి, అంతే. మనం ఎనిమిదో తరగతిలో జేజి నీళ్లకుండ మూతికి టేప్‌రికార్డర్ స్పీకర్ బోర్లించి కనిపెట్టింది ఇదే కదరా! అప్పుడు మనకు కారణం తెలీదు, దెబ్బలు మాత్రం తెలుసు. (నువ్వు కుండ మోసుకుంటూ గోడ దూకడం... సరే, సరే, రాయను.)

ఫెవికాల్ పెట్టి, అంచులు చీలకుండా ముందు సన్న బెజ్జాలు వేసి స్క్రూలు బిగించి, లోపలి మూలలన్నీ సిలికాన్‌తో మూసి, వాసన పోయేదాకా ఆరనిచ్చాక స్పీకర్ ఎక్కించా. సన్నగా ఒక మోత పెట్టి, అగరొత్తి వెలిగించి కీళ్ల వెంబడి తిప్పితే, ఎక్కడన్నా గాలి పోతుంటే పొగ వణుకుతుంది. ఎక్కడా వణకలేదు. మా అమ్మ మాత్రం డబ్బాకు హారతి ఇస్తున్నానని వీధంతా చెప్పింది.

ఇంక మోగించాం. రాయడం రావట్లేదు నాకు. మనం అరగదీసిన ఆ క్యాసెట్టు పాటే పెట్టా, ఏదో నీకు తెలుసు. రెండో చరణం ముందు బేస్ గిటార్ ఒక్కటే నడుస్తుందే, అది అంతసేపు ఉంటుందని నాకిన్నేళ్లూ తెలీదురా. మా నాయన ముందు సీట్లో కూర్చుని ఏం మాట్లాడలేదు. పాట అయ్యాక, "వాడికి చెప్పావా?" అన్నాడు. వాడంటే నువ్వే.

కానీ ఒక పీడ పట్టుకుంది. ఒకే ఒక్క స్వరం దగ్గర "జ్ర్‌ర్" అని మోత. భాయ్ డోరు లాకు కడ్డీ అన్నాడు, దానికి గుడ్డ టేపు చుట్టాం. మెకానిక్ మామ డిక్కీ స్ప్రింగన్నాడు, నేను నంబరు ప్లేటన్నాను. ఫోన్లో ఇరవై హెర్ట్జ్ నుంచి మెల్లగా పెంచుకుంటూ పోతే అరవై దాటగానే అది మొదలు. ప్లేటు వెనక స్పాంజి పెట్టాం, స్టెప్నీ దించాం, డోరు మళ్లీ విప్పాం. పోలేదు. చివరికి మా నాయన, "పాల ప్యాకెట్ తేవాలి, బండి తియ్యండి" అని షెడ్డులోంచి బయటికి తీశాడు. పాట నడుస్తూనే ఉంది, మోత ఆగిపోయింది. లోపలికి తెస్తే మళ్లీ జ్ర్‌ర్. షెడ్డు రేకు! మేము బండినంతా పీకి పెడుతుంటే, పైనుంచి రేకు మేకు వదులై తాళం వేస్తోంది. మామ ఆ రోజు నుంచి మా ఇంటికి రావడంలేదు.

నిన్న సాయంత్రం గువ్వలచెరువు ఘాట్ ఎక్కి పాలకోవా తెచ్చాం, నీ వాటా ఈ మూటలోనే ఉంది, మీ అన్న దారిలో తినకపోతే. మలుపుల్లో డబ్బా అంగుళం కూడా జరగలేదు. ఒక లారీ డ్రైవరు కిందికి దిగొచ్చి "ఏ కంపెనీదబ్బా ఇది?" అని అడిగాడు. భాయ్ ఏం చెప్పాడంటే...

మీ అన్న వచ్చేశాడు, హారన్ కొడుతున్నాడు. అది ఫోన్లో చెప్తా. స్పీకర్ నీదే, డబ్బా నాది, విడివిడిగా ఇవ్వను. సన్నటి శబ్దాలు మోగించే ట్వీటర్లు మాత్రం ఇక్కడ దొరికేవి చెవులు గుచ్చుతున్నాయి, వచ్చేటప్పుడు మెత్తగా మోగే సిల్క్ డోమ్‌వి ఒక జత తే, సామాన్లో పట్టకపోతే ఆ ఖర్జూరం తగ్గించు. ఇంకొకటి, దుప్పటి కూడా ఇంకోటి తే, నీలందే, అచ్చం అలాంటిదే

— నీ రెండో గేరు