ఫోన్ వెనకాల రెండో పోర్టు

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. జవాబు రాయనందుకు తిట్టుకుంటూనే ఉంటావు, ఈ ఒక్కసారికి క్షమించెయ్. ఇంట్లో అందరం బాగున్నాం, నా జ్వరం తగ్గింది, ఆఫీసులో సీటు మారింది. ఆ సీటు సంగతి నీకు చెప్పేదాకా నాకు నిద్ర పట్టదు.

కొత్త చోట గోడకి నెట్‌వర్క్ సాకెట్ ఒక్కటే ఉంది. డెస్కు మీద చూస్తే నెట్‌వర్క్ తీగ మీదే మాటలు పంపే ఐపీ ఫోనూ ఉంది, కంప్యూటరూ ఉంది. హాస్టల్లో మనిద్దరికీ ఒకే ప్లగ్గు ఉన్నప్పుడు నువ్వేం చేశావు? సరిగ్గా అదే ఇక్కడా!

నెట్‌వర్క్ చూసే అబ్బాయి వచ్చి ఫోన్ తిరగేసి చూపించాడు. వెనక రెండు పోర్టులు. ఒకదాన్నుంచి గోడకి, 'పీసీ' అని రాసి ఉన్నదాన్నుంచి కంప్యూటర్‌కి. ఫోన్ లోపల బుల్లి స్విచ్ ఉంటుందిరా, అంటే ఒక నెట్‌వర్క్ తీగని నలుగురికీ పంచే పెట్టె లాంటిది! దానికి మూడు దారులు: గోడవైపు ఒకటి, కంప్యూటర్‌వైపు ఒకటి, మూడోది ఫోన్‌కే. కరెంటు కూడా ఆ కేబుల్లోంచే వస్తుంది, అడాప్టర్ అక్కర్లేదు. మాటలు ట్యాగ్ అనే గుర్తు తగిలించుకుని ఒక వీల్యాన్‌లో, అంటే అదే తీగలో విడిగా చేసిన నెట్‌వర్క్‌లో వెళ్తాయి, కంప్యూటర్ డేటా ట్యాగ్ లేకుండా ఇంకోదాంట్లో వెళ్తుంది. ఒకే తీగలో పోతున్నా ఎవరి దారి వాళ్లదే. నాకెంత ముచ్చటేసిందో!

ముచ్చట మర్నాటికే తీరింది. సర్వర్ నుంచి 40 గిగాబైట్ల ఫోల్డర్ కాపీ పెట్టాను. సెకనుకి 11 మెగాబైట్లు, అంతకు మించి కదలదు. ఇదే కంప్యూటర్ పాత సీట్లో 110 దాకా పరిగెత్తేది. కేబుల్ మార్చాను, డ్రైవర్ మళ్లీ వేశాను, సర్వర్ చూసేవాళ్లతో గొడవపడ్డాను. సాయంత్రానికి ఇవ్వాల్సిన పనిరా, నిజంగా ఏడుపొచ్చింది.

చివరికి నెట్‌వర్క్ స్టేటస్ తెరిస్తే స్పీడ్ దగ్గర 100 మెగాబిట్లు అని ఉంది. ఎనిమిది బిట్లు ఒక బైట్ కాబట్టి 100ని ఎనిమిదితో భాగిస్తే పన్నెండున్నర, అందులో ప్యాకెట్ల హెడర్లకి, అంటే డేటా ముక్కల మీద రాసే చిరునామాల్లాంటివాటికి, పోయేది పోగా మిగిలేది ఆ 11! అనుమానం వచ్చి ఫోన్ తప్పించి గోడ కేబుల్ నేరుగా కంప్యూటర్‌కి పెట్టాను. 1 గిగాబిట్! అంతా ఆరు నిమిషాల్లో వచ్చేసింది. దొంగ ఫోనే. దానిది పాత రకం 10/100 పోర్టు, 100 మెగాబిట్లు దాటదు. అటు గోడ అవతలి స్విచ్ గిగాబిటే, ఇటు నా నెట్‌వర్క్ కార్డూ గిగాబిటే, మధ్యలో ఈ ఇరుకు సందు. మెయిల్ చూసుకునేవాళ్లకి ఆ 100 చాలు, తేడా జన్మలో తెలీదు. నాలాగా పెద్ద ఫైళ్లతో బతికేవాడికి సీటు ఇచ్చేముందు ఎవరైనా ఒక్కమాట చెప్పాలి కదా?

మర్నాడు గిగాబిట్ పోర్టున్న ఫోన్ ఇచ్చారు. ఇప్పుడు హాయి. కానీ ఫోన్ రీస్టార్ట్ అయితే నా నెట్ కూడా పోతుంది. మొన్న దానికి అప్‌డేట్ వచ్చినప్పుడు సరిగ్గా... సరే, అది వేరే కథ.

మీ ఆఫీసులోనూ ఇవే పెడుతున్నారన్నావు కదా. ముందు ఫోన్ వెనక పోర్టు స్పీడెంతో అడుగు. ఇంకోటి, రెండు పోర్టులూ గోడ సాకెట్లకే పెట్టెయ్యకు. లూప్ అయిపోతుంది, డేటా ఆగకుండా గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. అవతలి స్విచ్‌లో దాన్ని ఆపే ఏర్పాటు లేకపోతే ఫ్లోర్ మొత్తానికి నెట్ పడుకుంటుంది. మా పక్క విభాగంలో ఒకాయన అలాగే

మీటింగ్‌కి పిలుస్తున్నారురా, ఉంటాను. అమ్మని అడిగానని చెప్పు.

నీ
ప్లగ్గు భాగస్వామి