పదిహేనేళ్లకూ యాభై ఏళ్లకూ నడుమ చిక్కిన పాత కార్లు

సంపాదకులు గారికి నమస్కారములు.

పాత కార్ల యజమానులు శని, ఆదివారాల్లో ఊటీలో కలుసుకుని కొండదారుల్లో బండ్లు నడిపిన కార్యక్రమానికి ఇటీవల మా 1980ల నాటి అంబాసిడర్‌లో వెళ్లివచ్చాను. అక్కడ గమనించిన ఒక విషయం మన రవాణా అధికారులు పట్టించుకోదగినదని ఈ లేఖ రాస్తున్నాను.

బందరు రోడ్డు మీద సాఫీగా నడిచే బండి ఏడు వేల అడుగుల ఎత్తుకు చేరేసరికి, గాలి పలచబడి, గాలీ పెట్రోలూ కలిసే కార్బురేటర్‌లో పెట్రోలు వంతు ఎక్కువవడంతో, పికప్ తగ్గి పొగ వదులుతుంది. ప్లగ్గు విప్పితే మసి. కూనూరు ఘాట్‌లోని 14 హెయిర్‌పిన్ మలుపులు దిగేటప్పుడు డ్రమ్ము బ్రేకులనే నమ్ముకుంటే అవి వేడెక్కి పట్టు వదిలేస్తాయి కనుక, సెకండు గేరులోనే దిగాలి. మాతో వచ్చిన ఆటోనగర్ మెకానిక్ గారు పెట్రోలు సన్నగా వచ్చే జెట్ విప్పి శుభ్రం చేస్తుంటే, కుర్రకారు యజమానులు చుట్టూ మూగి ఫోన్లలో వీడియో తీసుకున్నారు. ఈ పనితనం ఆయన తరంతోనే ఆగిపోయేలా ఉంది.

అక్కడికి వచ్చినవాటిలో ఎక్కువ భాగం మా బండి ఈడువే. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నాటి నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని సొంత వాహనాలకే వింటేజ్ గుర్తింపు, 'వీఏ' అక్షరాలతో నంబరు లభిస్తాయి. సొంత కారుకు 15 ఏళ్లు నిండితే మాత్రం అయిదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. నడుమ 35 ఏళ్లు అది ఉత్త పాత బండే. 2001లో తయారీ ఆగిపోయిన ప్రీమియర్ పద్మినిలలో చివరివాటికి ఆ గౌరవం 2051లో గాని దక్కదు. పెళ్లికొడుకును ఊరేగించడానికి మా కారు అడగని బంధువు లేడు. పొడిగింపుకు వెళితే మాత్రం, బానెట్ ఎత్తకముందే "ఇంకా ఎందుకండీ, తుక్కుకిచ్చెయ్యండి" అన్న సలహా వినవలసి వచ్చింది.

పొగ వదిలే బండిని ఉపేక్షించమని నేను కోరడం లేదు. అంతర్జాతీయ పాత వాహనాల సమాఖ్య ఫీవా, 30 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉండి, రోజువారీ ప్రయాణానికి వాడని వాహనాలను చారిత్రకమైనవిగా పరిగణిస్తోంది. ఇదే పద్ధతిలో, కాలుష్య పరీక్ష నెగ్గి, ఏడాదికి ఇన్ని కిలోమీటర్లని పరిమితికి ఒప్పుకున్న సొంత వాహనాలకు వేరే తరగతి ఏర్పరచాలని మన రాష్ట్ర ప్రభుత్వం కేంద్రాన్ని కోరవచ్చు. ఈలోగా గుంటూరుకు చేరువలోని కొండవీడు ఘాట్ రోడ్డు మీద, పోలీసుల పర్యవేక్షణలో, పందేలకు తావులేకుండా ఒక ఆదివారం ఉదయం ఇటువంటి కార్యక్రమానికి రవాణా, పర్యాటక శాఖలు అనుమతించి, ఆటోనగర్ మెకానిక్కులను కూడా ఆహ్వానించాలని విజ్ఞప్తి చేస్తున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విజయవాడ.