మాడ్యూల్ అడిగితే రీస్టార్ట్ చేయమంటారేంటండీ?

కస్టమర్ కేర్ హెడ్ గారికి,

విషయం: 41 రోజుల్లో 4 సార్లు 'పరిష్కరించాం' అని మూసేసిన నా ఫిర్యాదు గురించి.

అయ్యా,

మీ రౌటర్ పాడైందని రాస్తున్న ఉత్తరం కాదిది. పాడైతే నేనే బాగు చేసుకునేవాణ్ణి, అది నా పనే. 2014 నుంచి రాజమండ్రిలో షాపులకీ మిల్లులకీ నెట్‌వర్క్ పెట్టి బతుకుతున్నాను. ఎవరు సలహా అడిగినా మీ పెట్టెలే కొనిపించాను. వంద దాటాక లెక్క పెట్టడం మానేశాను. మీ దగ్గర ఆ లెక్క ఉండే ఉంటుంది, ఎందుకంటే ఏటా జనవరిలో క్యాలెండర్ మాత్రం మర్చిపోకుండా వస్తుంది.

జరిగింది ఇదీ. మండపేటలో ఒక రైస్ మిల్లు. కాటా దగ్గరున్న కంప్యూటర్‌కీ, రాజమండ్రిలో వాళ్ల ఆఫీసుకీ మధ్య వైర్‌గార్డ్ అనే వీపీఎన్ (నెట్ మీదుగా రెండు చోట్లనీ భద్రంగా కలిపే దారి) పెట్టాను. ఏడాదిన్నర సుఖంగా నడిచింది. ఒక రాత్రి మీ కొత్త ఫర్మ్‌వేర్, అంటే పెట్టెని నడిపే సాఫ్ట్‌వేర్, తనంతట తనే ఎక్కింది. పొద్దున లేచేసరికి వీపీఎన్ లేదు. లోపలికి వెళ్లి చూస్తే కెర్నల్‌లో (ఆ సాఫ్ట్‌వేర్‌కి గుండెకాయ, లైనక్స్ వాళ్లది) వైర్‌గార్డ్ మాడ్యూలే, అంటే దాన్ని నడిపే ముక్కే, లేదు. మీ వాళ్లు కొత్త కెర్నల్ కట్టేటప్పుడు దాన్ని వదిలేశారు. 'కాన్ఫిగ్ వైర్‌గార్డ్ ఈజ్ నాట్ సెట్' అని, అంటే వైర్‌గార్డ్ లేకుండానే కట్టారని, మీ పెట్టే ఒప్పుకుంటోంది. పాత ఫర్మ్‌వేర్ నుంచి దాచుకున్న మాడ్యూల్ ఫైలు ఎక్కిద్దామని చూశాను. కెర్నల్ వెర్షన్ మారింది కదా, 'ఇన్‌వాలిడ్ మాడ్యూల్ ఫార్మాట్' అని తిప్పికొట్టింది. పోనీ పాత ఫర్మ్‌వేర్‌కే వెనక్కి వెళ్దామంటే ఆ దారీ మూసేశారు.

ఇక అసలు కథ మీ కస్టమర్ కేర్‌ది.

మొదటి రోజు మాట్లాడిన అమ్మాయి రౌటర్ రీస్టార్ట్ చేయమంది. చేశానమ్మా అన్నాను. 'ఇంకోసారి చేయండి సార్, నేను లైన్‌లోనే ఉంటాను' అంది. చేశాను. రౌటర్ ఆగితే మిల్లులో నెట్ ఆగుతుంది. లారీ కాటా మీద నిలబడి ఉంది, డ్రైవర్ హారన్ కొడుతున్నాడు, మిల్లు ఆయన కుర్చీలోంచి 'ఏం తమ్ముడూ, పెట్టె పలికిందా?' అని అడుగుతున్నాడు. నా ఫోన్‌లో మాత్రం 27 నిమిషాల పాటు మీ వీణ సంగీతం. తర్వాత లైన్ కట్. సాయంత్రానికి మెసేజ్: 'మీ సమస్య పరిష్కరించాం. మాకు ఎన్ని స్టార్లు ఇస్తారు?'

రెండోసారి ఒక అబ్బాయి. కెర్నల్ అనగానే 'అది ఏ మోడల్ సార్? మా లిస్టులో లేదు' అన్నాడు. ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు. ఎదురుగా కాగితం పెట్టి చదవమంటే చదివాడు. మూడోసారి సీనియర్‌కి కలిపారు. ఆయన గట్టివాడు: 'లైనక్స్ మా ప్రోడక్ట్ కాదు, వాళ్లనే అడగండి.' ఎవర్నండీ? లైనక్స్ మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్‌కి ఫోన్ చేసి మండపేట మిల్లు సంగతి చెప్పమంటారా? వాళ్లు చేయాల్సింది ఎప్పుడో చేశారు. 2020 మార్చిలో వచ్చిన 5.6 వెర్షన్ నుంచి వైర్‌గార్డ్ కెర్నల్‌లోనే ఉంది. మీ పెట్టెలో ఉన్నది 5.10. అంటే కోడ్ మీ చేతిలోనే ఉంది. కెర్నల్ కట్టేటప్పుడు ఇలాంటి ముక్కని లోపల కలిపేయొచ్చు, విడి మాడ్యూల్‌గా పక్కన పెట్టొచ్చు, అసలు వద్దనుకోవచ్చు. మీ వాళ్లు వద్దనుకున్నారు. విడి మాడ్యూల్‌గా కావాలని చెప్పే 'ఎం' అనే ఒక్క అక్షరం పెట్టి మళ్లీ కడితే అయిపోయే పనికి నన్ను 41 రోజులు తిప్పారు.

మీరు కట్టకపోతే నేనే కట్టుకుంటానని సోర్స్, అంటే మీ పెట్టెలోని ప్రోగ్రాం రాసిన అసలు కోడ్, అడిగాను. పెట్టెలో మీరే పెట్టిన చిన్న కాగితంలో 'జీపీఎల్ ప్రకారం, రాసి అడిగితే సోర్స్ పంపుతాం' అని ఉంది. జీపీఎల్ అంటే లైనక్స్ కెర్నల్ లైసెన్సు, దాన్ని పెట్టి అమ్మేవాళ్లు సోర్స్ ఇవ్వాలంటుంది. రాసి అడిగాను. మొదటి జవాబు: 'సోర్స్ కోడ్ మా కంపెనీ రహస్యం.' కాగితం ఫొటో తీసి పంపాను. ఇరవై రోజులకి ఒక లింకు వచ్చింది. ఆశగా తెరిస్తే, కెర్నల్ వాళ్ల సైట్లో ఎవరికైనా దొరికే మామూలు 5.10! మీ కాన్ఫిగ్ ఫైలు (ఏ ముక్కలు ఉంచారో, ఏవి వదిలేశారో రాసి ఉండేది) లేదు, మీరు చేసిన మార్పులు లేవు, కట్టే స్క్రిప్టులు లేవు. వేరే ఫర్మ్‌వేర్ ఎక్కించుకుంటానంటే వారంటీ పోతుందట. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు.

మీ లీగల్ వాళ్లకి ఒకమాట. 2004లో జర్మనీలోని మ్యూనిచ్ కోర్టు, కెర్నల్‌లోని నెట్‌ఫిల్టర్ (ఫైర్‌వాల్) కోడ్‌ని జీపీఎల్ షరతులు పాటించకుండా రౌటర్లో పెట్టి అమ్ముతున్న కంపెనీని ఆపింది. దానికి ముందు ఏడాదే లింక్‌సిస్ అనే రౌటర్ల కంపెనీ తన డబ్ల్యూఆర్‌టీ54జీ మోడల్ సోర్స్ బయటపెట్టింది. అందులోంచే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత ఫర్మ్‌వేర్ పుట్టింది. లింక్‌సిస్ ఏమీ మునిగిపోలేదు, ఆ మోడల్ ఏళ్ల తరబడి అమ్ముడుపోయింది.

మిల్లు ఆయన ఇప్పుడు కాటా చీటీలు వాట్సాప్‌లో ఫొటోలు తీసి పంపుకుంటున్నాడు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. పక్క మిల్లు వాళ్లకి రౌటర్లు కావాల్సి వస్తే నన్ను పిలవలేదు, అంతే. పదేళ్లు మీ పేరు చెప్పి సంపాదించుకున్న నమ్మకం అది.

ఆ మాడ్యూల్ ఇస్తారో, మీ కాన్ఫిగ్‌తో సహా పూర్తి సోర్స్ ఇస్తారో మీ ఇష్టం, ఏదో ఒకటి పంపండి. దానికంటే ముందు, కెర్నల్ అంటే తెలిసిన మనిషి ఒకరు నాకు ఫోన్ చేయాలి. పదిహేను రోజులు చూస్తాను. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌కీ వెళ్తాను. నేను పెట్టిన పెట్టెలన్నీ ఒక్కొక్కటే విప్పి, వాటి స్థానంలో వేరే కంపెనీవి పెడతాను. కూలి కూడా అడగను.

ఇట్లు,
మీ పాత కస్టమర్,
రాజమండ్రి.

తా.క.: మీ సీనియర్ గారు అడిగితే చెప్పండి, నిన్న ఏడోసారి కూడా రీస్టార్ట్ చేశాను.