గల్ఫ్ కార్మికుల, నర్సుల ఫిర్యాదులు సంఘం పేరు మీద తీసుకోండి

తెలంగాణ రాష్ట్ర కార్మిక, ఉపాధి శాఖ మంత్రి గారికి నమస్కారం.

మీ శాఖలో రెండు ఫైళ్లు వేర్వేరు గదుల్లో ఉంటాయి. ఒకటి టామ్‌కామ్‌ది, అంటే పరాయి దేశాలకు పనివాళ్లను, నర్సులను పంపే ఫైలు. రెండోది ప్రైవేటు ఆసుపత్రులు, నర్సింగ్ హోముల కనీస వేతనాల ఫైలు. ఈ గదిలో జీతం చాలని అమ్మాయే ఆ గదిలో దరఖాస్తు పెడుతుంది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ పల్లెల్లో చూస్తే ఆమె నాయనో అన్నో అప్పటికే సౌదీలోనో కువైట్‌లోనో ఉంటాడు. అందుకే ఇద్దరి సంగతీ ఒకే ఉత్తరంలో రాస్తున్నాం.

మేం అడిగేది ఒక్కటే. వాళ్ల తరఫున సంఘం ఫిర్యాదు ఇస్తే జిల్లా కార్మిక శాఖ కార్యాలయం తీసుకోవాలి, రసీదు ఇవ్వాలి, నడపాలి. చిన్న కోరికలాగే ఉంటుంది. ఎందుకు అడుగుతున్నామో మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి.

గల్ఫ్‌తో మొదలుపెడతాం. 1983 వలసల చట్టం ప్రకారం రిజిస్టరైన ఏజెంటు కార్మికుడి దగ్గర 30,000 రూపాయలకు మించి తీసుకోకూడదు. 18 శాతం జీఎస్టీ కలిపితే 35,400. సబ్ ఏజెంటు అనేవాడు చట్టం దృష్టిలో ఉండకూడదు. ఊళ్లో పాస్‌పోర్టు తీసుకునేది మాత్రం వాడే. డబ్బు నోట్ల రూపంలో చేతులు మారుతుంది, కాగితం మీద ఏమీ ఉండదు. రసీదు ఇచ్చినా చట్టం ఒప్పుకున్న అంకెకే ఇస్తారు. తర్వాత మోసం బయటపడితే పోలీసులు భారతీయ న్యాయ సంహిత 318(4) కింద, అంటే పాత 420 కింద, కేసు రాస్తారు. కొన్నాళ్లకు ఏజెంటు సగం డబ్బు తిరిగిచ్చి రాజీ కాగితం మీద సంతకం పెట్టించుకుంటాడు. వలసల చట్టం సెక్షన్లు ఎఫ్ఐఆర్‌లోకి ఎక్కవు. ఎక్కినా 24వ సెక్షన్ కింద గరిష్ఠ జరిమానా 2,000 రూపాయలు. జైలు శిక్ష రెండేళ్ల దాకా ఉంది గానీ అక్కడిదాకా కేసు నడిచేది తక్కువ.

అదే చట్టంలో 27వ సెక్షన్ చూడండి. కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా ప్రాసిక్యూషన్ పెట్టకూడదు. ఫిర్యాదు చేసేది వలస వెళ్లినవాడో వెళ్లబోయేవాడో అయితే, లేదా వాడి తరఫున తల్లి, తండ్రి, భార్య, భర్త, కొడుకు, కూతురు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, గార్డియన్ అయితే ఆ అనుమతి అక్కర్లేదు. ఈ జాబితాలో సంఘం లేదు. ఒకే ఏజెంటు ఇరవై మందిని ముంచితే ఇరవై కుటుంబాలు ఎవరికి వారు ఠాణా మెట్లెక్కాలి. ఏజెంటుకు కావలసిందీ అదే. ఇరవై మందిని విడివిడిగా రాజీ చేసుకోవడం వాడికి సులువు.

ఇక క్లియరెన్స్ సంగతి. పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (వలస అనుమతి అవసరం) ముద్ర ఉన్నవాళ్లు, అంటే సాధారణంగా పదో తరగతి పాసవనివాళ్లు, 18 దేశాలకు పనికి వెళ్లాలంటే కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో క్లియరెన్స్ తీసుకోవాలి. యజమాని వివరాలు, ఉద్యోగ ఒప్పందం అందులోకి ఎక్కుతాయి. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల పాలసీ తప్పనిసరి. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు, మూడేళ్లకు 375. పది పాసైనవాడికి సాధారణంగా ఇవేవీ తప్పనిసరి కాదు. విమానం ఎక్కేటప్పుడు అడిగేవాడు లేడు, ఈ-మైగ్రేట్‌లో ఒప్పందం ఉండదు, పాలసీ ఉండదు. చదువుకున్న పాపానికి రక్షణ తగ్గిందన్నమాట. ఈసీఆర్ వాళ్లను కూడా విజిట్ వీసా మీద పంపితే ఈ మెట్లన్నీ దాటిపోవచ్చని ఏజెంట్లకు ఎప్పుడో తెలుసు. దిగాక వీసా మారుస్తామంటారు. మారే లోపు వాడు అక్కడ చట్టానికి లేని మనిషి.

సరిగ్గా వెళ్లినవాడికీ దిగాక ఇంకో ఒప్పందం ఎదురొస్తుంది, అరబ్బీలో. సౌదీలో ఇప్పుడు కంపెనీ వీసా వాళ్ల ఒప్పందం కివా అనే ప్రభుత్వ వేదికలో ఉంటుంది, కార్మికుడు తన ఫోన్‌లోనే చూసుకోవచ్చు. కానీ లాగిన్ చేసిపెట్టేది క్యాంపు మేనేజరు, పాస్‌వర్డు ఉండేదీ అతని దగ్గరే. 2021 మార్చిలో సౌదీ తెచ్చిన సంస్కరణలతో యజమాని మారే వీలు కొంత దొరికింది. ఇంటి డ్రైవరు, ఇంటి పని, తోటమాలి, గొర్రెల కాపరి వీసాలను మాత్రం అందులోంచి తప్పించారు. మన పల్లెల నుంచి వెళ్లేవాళ్లలో ఈ వీసాలవాళ్లు ఎంతమందో మీకు చెప్పక్కర్లేదు.

అలాంటివాడు జీతం అడిగితే కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, హురూబ్ పెడతాడు, అంటే పారిపోయాడని రాయిస్తాడు. దాంతో ఇకామా, అంటే అక్కడ ఉండే అనుమతి, పోతుంది, మనిషి ఖల్లివల్లి, అంటే కాగితాల్లేనివాడు, అవుతాడు. ఫిర్యాదు చేయడానికి కార్యాలయం గడప తొక్కితే అక్కడే పట్టుకుంటారేమోనన్న భయం. సౌదీలో, యూఏఈలో కార్మిక సంఘం పెట్టుకునే హక్కే లేదు. కువైట్, బహ్రెయిన్, ఒమన్‌లలో సంఘాలు ఉన్నా ఎడారిలో మందను కాసేవాడికీ, ఇంటి గోడల మధ్య పనిచేసే ఆవిడకూ అవి అందవు. అక్కడ నోరు లేని మనిషికి నోరు ఇక్కడే ఉండాలి, మీ జిల్లా కార్యాలయంలో.

బకాయిల లెక్క ఒకటి చూపిస్తాం. సౌదీ కార్మిక చట్టం ప్రకారం ఉద్యోగం ముగిసినప్పుడు మొదటి ఐదేళ్లకు ఏడాదికి అర నెల జీతం, ఆ తర్వాత ఏడాదికి నెల జీతం రావాలి. నెలకు 1,500 రియాళ్లతో ఏడేళ్లు చేసినవాడికి రెండున్నర నెలలు, మరో రెండు నెలలు, మొత్తం నాలుగున్నర నెలల జీతం, అంటే 6,750 రియాళ్లు. తనంతట తాను రాజీనామా చేస్తే అందులో మూడింట రెండు వంతులు, 4,500. కంపెనీలు దీన్ని రెండు చోట్ల కొరుకుతాయి. అలవెన్సులు వదిలేసి బేసిక్ మీదే లెక్కకడతాయి. కంపెనీయే పంపించేసినా రాజీనామా అని రాయిస్తాయి. దేశం వదిలే ఎగ్జిట్ వీసా కొట్టే రోజు అంతా ముట్టిందన్న అరబ్బీ కాగితం మీద వేలిముద్ర పడుతుంది. టికెట్ చేతిలో పెట్టి అడిగితే ఎవడు కాదంటాడు?

ఊరికొచ్చాక తేరుకుని అడగాలంటే గడువు ఉంది, సౌదీలో అయితే ఉద్యోగ సంబంధం ముగిశాక 12 నెలలు. మన తరఫున కేసు నడపడానికి అక్కడ ఒకరికి అధికారపత్రం ఇవ్వాలి. కువైట్‌కైతే నోటరీ, రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, విదేశాంగ శాఖ ముద్ర, ఆపైన ఢిల్లీలోని వాళ్ల రాయబార కార్యాలయం. నాలుగు చోట్ల ఫీజులు, రెండు చోట్ల ప్రయాణాలు, పైగా అనువాదం ఖర్చు. ఒక్కడికి ఇది గిట్టుబాటు కాదు. ఒకే కంపెనీ నుంచి వచ్చిన నలభై మందికి ఒక న్యాయవాదిని పెట్టి, కాగితాలన్నీ ఒకే కట్టగా ఢిల్లీ పంపితే అవుతుంది. కట్ట కట్టేవాళ్లు కావాలి. 2020లో కరోనా విమానాల్లో జీతాలు వదిలేసి దిగినవాళ్ల విషయంలో ఆ కట్ట కట్టే ఏర్పాటు ప్రభుత్వం దగ్గర లేదు. గడువులు వాటంతట అవే గడిచిపోయాయి.

సంఘాలు కదిలితే ఏమవుతుందో కూడా అదే కాలంలో కనపడింది. 2020 సెప్టెంబరులో కేంద్రం గల్ఫ్ దేశాలకు కనీస రెఫరల్ వేతనాలను, అంటే ఇంతకన్నా తక్కువ జీతానికి మనవాళ్లను పంపకూడదన్న అంకెలను, 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. ఇది ఏ ఒక్క కార్మికుడికీ జరిగిన అన్యాయంగా కనపడదు, ఏ ఒక్కడూ దీనిమీద కోర్టుకు పోడు. తెలంగాణ వలస కార్మికుల సంస్థలు హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశాయి, ఢిల్లీ దాకా అడిగాయి. 2021 జులైలో పాత వేతనాలు తిరిగొచ్చాయి.

ఒక మాట ఒప్పుకోవాలి. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబానికి 5 లక్షలు ఇస్తూ మీ ప్రభుత్వం 2024లో ఉత్తర్వు తెచ్చింది, శంషాబాద్ నుంచి ఊరికి అంబులెన్సు ఉచితంగా వస్తోంది. ఇది ఏళ్ల తరబడి అడిగితే వచ్చింది. శవపేటికకు ఫారం ఉంది. బతికొచ్చినవాడి బకాయికి లేదు.

ఇక నర్సుల సంగతి. 2016 జనవరిలో సుప్రీంకోర్టు ప్రైవేటు నర్సుల జీతాలపై కమిటీ వేయమంది. ఆ కమిటీ చెప్పిన లెక్క ఇది: 200 పడకలు దాటిన ఆసుపత్రిలో ప్రభుత్వ నర్సుతో సమాన జీతం, 100 దాటితే 10 శాతానికి మించి తగ్గకూడదు, 50 నుంచి 100 మధ్యలో 25 శాతానికి మించి తగ్గకూడదు, 50 కన్నా తక్కువైతే కనీసం 20,000 రూపాయలు. కేరళలో 2018 ఏప్రిల్‌లో కనీస బేసిక్ 20,000గా నోటిఫికేషన్ వచ్చింది. దానికి ముందు యునైటెడ్ నర్సెస్ అసోసియేషన్ ఏళ్ల తరబడి సమ్మెలు చేసింది. కోర్టు చెప్పింది దేశానికంతటికీ, అమలు దొరికింది సంఘం ఉన్నచోట. మన రాష్ట్రంలో ఏప్రిల్‌లో, అక్టోబరులో డీఏ (కరువు భత్యం) పాయింట్లు కలుపుతారు. అసలు మూలవేతనం ఐదేళ్లకోసారైనా సవరించాలని చట్టం చెబుతోంది, ఆ పని ఎంతవరకు జరిగిందో మీ కమిషనరేట్‌ను అడగండి.

నర్సులు సంఘం పెట్టుకోవడంలో చిక్కులు వేరు. చాలామంది ఆసుపత్రి హాస్టల్లోనే ఉంటారు. మీటింగుకు బయటికెళ్తే గేటు రిజిస్టరులో సంతకం పెట్టాలి. కొందరు ఆసుపత్రి ఉద్యోగులు, మిగతావాళ్లు అవుట్‌సోర్సింగ్ ఏజెన్సీవాళ్లు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం ఒక సంఘానికి యాజమాన్యంతో తానొక్కటే బేరమాడే హక్కు రావాలంటే మస్టర్ రోల్‌లో, అంటే ఉద్యోగుల హాజరు పట్టీలో, 51 శాతం సభ్యత్వం ఉండాలి. ఒకే వార్డును రెండు మస్టర్లుగా చీలిస్తే ఆ 51 తెచ్చుకోవడం కష్టమవుతుంది. సూపర్వైజరు హోదాలో 18,000 దాటిన జీతం ఉంటే కార్మికుల లెక్కలోకి రారు, కాబట్టి సీనియర్ స్టాఫ్ నర్సు రాత్రికి రాత్రే టీమ్ లీడర్ అవుతుంది, బెడ్‌ప్యాన్ మాత్రం ఆమే తీస్తుంది. ధర్మసంస్థలు నడిపే సంస్థలు పరిశ్రమ నిర్వచనంలోకి రావని ఆ కోడ్‌లో ఉంది, ట్రస్టు పేరున్న ప్రతి ఆసుపత్రీ రేపు దాన్ని పట్టుకుంటుంది. సమ్మెకు 14 రోజుల నోటీసు, సగం మంది ఒకేరోజు క్యాజువల్ లీవు పెట్టినా సమ్మే.

అన్నిటికన్నా గట్టి తాడు సర్టిఫికెట్. చేరేటప్పుడు ఒరిజినల్స్ తీసుకుని, రెండేళ్ల బాండు రాయించుకుని, మధ్యలో పోతే డబ్బు కట్టమంటారు. ఒరిజినల్స్ అట్టిపెట్టుకోవడానికి ఏ ఆసుపత్రికీ చట్టం అధికారం ఇవ్వలేదు. గల్ఫ్‌కు పోవాలంటే డేటాఫ్లో అనే సంస్థ చేసే పత్రాల పరిశీలన ఉంటుంది: డిగ్రీ లేదా జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా), నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, అనుభవ పత్రం. వాళ్లు ఆసుపత్రి హెచ్ఆర్‌కే నేరుగా మెయిల్ పెడతారు. హెచ్ఆర్ జవాబివ్వకుండా ఊరుకుంటే చాలు, పరిశీలించలేకపోయామని నివేదిక వస్తుంది, మూడేళ్ల ఐసీయూ అనుభవం సున్నా అవుతుంది. ఎవరూ కాదనలేదు, ఎవరూ అవుననలేదు. దీనిమీద ఒక నర్సు ఏమని ఫిర్యాదు చేస్తుంది? పైగా 2015 నుంచి ఈసీఆర్ దేశాలకు నర్సుల్ని పంపడం ప్రభుత్వ సంస్థల ద్వారానే జరగాలన్నారు, మన దగ్గర ఆ సంస్థ, టామ్‌కామ్, మీ కిందే ఉంది. అంటే హెచ్ఆర్ జవాబివ్వకపోతే నష్టపోయేది మీ శాఖ పంపుతున్న అభ్యర్థే.

కాబట్టి మీ చేతిలో ఉన్న పని ఇది. గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లూ, ఇంకా అక్కడే ఉన్నవాళ్లూ ఏ యాజమాన్యం కిందా ఇక్కడ ఉద్యోగులు కారు. వాళ్లు ట్రేడ్ యూనియన్‌గా రిజిస్టర్ కాలేక సొసైటీగా రిజిస్టరవుతున్నారు, సొసైటీ కాగితం చూసి మీ అధికారులు ఫిర్యాదు పక్కన పెడుతున్నారు. సభ్యుల అధికారపత్రాలు జతచేస్తే సొసైటీనీ యూనియన్‌నూ ప్రతినిధిగా గుర్తించాలని ఒక జీవో చాలు. దీనికి ఢిల్లీని అడగక్కర్లేదు. ఢిల్లీని అడగాల్సింది వేరే ఉంది: 1983 చట్టం బదులు కొత్తది తెస్తామంటూ 2019లో, 2021లో, 2025లో ముసాయిదాలు వచ్చాయి. 27వ సెక్షన్ జాబితాలో తల్లి, తండ్రి పక్కన సంఘాన్ని చేర్చాలని రాష్ట్రం తరఫున లేఖ రాయండి.

జీవోతోపాటు జిల్లా కార్యాలయాలకు ఒక ఫారం పంపాలి, తెలుగులో, ఒకే పేజీ. అందులో ఉండాల్సినవి: సంఘం రిజిస్ట్రేషన్ నంబరు, సభ్యుల జాబితా, పాస్‌పోర్టు లేదా నర్సింగ్ కౌన్సిల్ నంబరుతో, యజమాని పేరు, ఊరు, రావాల్సిన మొత్తం, ఏ నెల నుంచి, గడువు ముగిసే తేదీ, ఎర్ర అక్షరాల్లో, కింద చింపి ఇచ్చే రసీదు, దానిమీద అధికారి సంతకం, తేదీ. ఆసుపత్రులకైతే ఇంకొక గడి: ఒరిజినల్స్ ఎవరి దగ్గర ఉన్నాయి, హెచ్ఆర్‌కు పరిశీలన మెయిల్ ఏ రోజు వచ్చింది. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే ఆ ఫారం నకలు జాయింట్ కమిషనర్‌కు పోవాలి. ముసాయిదా ఫారం ఈ లేఖకు జతచేశాం, మార్పులుంటే మీ అధికారులతో కూర్చోవడానికి ఏ సోమవారమైనా వస్తాం.

ఇట్లు,
గల్ఫ్ కార్మికుల, ప్రైవేటు నర్సుల హక్కుల కోసం పనిచేస్తున్నవాళ్లం