మా తొట్టెలో చూసిన జవహర్‌నగర్

ఎడిటర్ గారికి నమస్కారం.

హైదరాబాద్ చెత్త చేరే జవహర్‌నగర్ డంపింగ్ యార్డు వాసన మీద మీ పత్రికలో వచ్చిన వార్త చదివాను. ఆ వాసన వచ్చే ఇళ్ళల్లో మాదీ ఒకటి. మేముండేది కాప్రా వైపు. వాన పడి తెరిపిచ్చిన సాయంత్రం గాలి ఇటు తిరిగిందంటే చాలు, ఏడింటికల్లా కిటికీలన్నీ మూసేస్తాం, ఉక్కపోసినా సరే. మా పై ఫ్లాటులో చంటిపిల్లతో అద్దెకున్నవాళ్ళు ఆరు నెలలు ఓపిక పట్టి ఖాళీ చేసి వెళ్ళిపోయారు. కాబట్టి మీ వార్తలో మాట్లాడినవాళ్ళ బాధ ఎంతటిదో నాకు తెలుసు. యార్డు గురించి వాళ్ళు అడిగినవన్నీ న్యాయమైనవే. అయితే ఆ వాసన ఎలా పుడుతుందో నేను నాలుగేళ్ళ కిందట మా అపార్టుమెంటు వెనక గోడ దగ్గరే చూశాను. ఆ సంగతి చెప్పాలనే ఈ ఉత్తరం.

మా అపార్టుమెంటులో ఇరవై ఫ్లాట్లు. 2015లో గ్రేటర్ హైదరాబాద్‌లో ఇంటింటికీ రెండేసి చెత్తబుట్టలు పంచారు. పచ్చది తడి చెత్తకి, నీలంది పొడి చెత్తకి. మా ఇంట్లో పచ్చదాంట్లో బియ్యం పోసుకున్నాం, నీలంది బట్టలు నానబెట్టడానికి బాత్‌రూమ్‌లోకి వెళ్ళింది. చెత్తంతా మాత్రం ఎప్పటిలాగే ఒకే కవర్లో వేసి, ముడేసి, గేటు దగ్గర పెట్టేవాళ్ళం. మా వరసలో అందరిదీ అదే పద్ధతి.

మా వీధికి చెత్త ఆటోలో భార్యాభర్తలు వస్తారు. ఆయన బండి నడుపుతాడు. ఆమె వెనక చెత్త మధ్యలో నిలబడి ఒక్కో కవరూ విప్పి వేరు చేస్తుంది. గ్లౌజులు వేసుకుంటే ముడులు విప్పడం రాదని వట్టి చేతులతోనే చేస్తుంది. ఆ రోజు పొద్దున పాల ప్యాకెట్ల కోసం నేను కిందికి దిగాను. ఆమె ఒక ఎర్ర కవరు విప్పి లోపల చెయ్యి పెట్టి, చటుక్కున వెనక్కి లాక్కుంది. బొటనవేలి మొదలు నుంచి అరచెయ్యి అడ్డంగా తెగింది. రక్తం కారుతుంటే దాని మీదే చారులో తడిసిన అన్నం మెతుకులు అంటుకుని ఉన్నాయి. కొంగుతో అదిమిపట్టుకుని, "పగిలిన గ్లాసుంటే ఒక్క మాట జెప్పొచ్చు గదమ్మా" అంది. ఆ మాట కోపంగా కూడా అనలేదు. ఆ ఎర్ర కవరు నేను గుర్తుపట్టాను. ముందురోజు రాత్రి టీ గ్లాసు చెయ్యి జారితే, ముక్కలు ఊడ్చి మిగిలిపోయిన అన్నంతో కలిపి అందులో వేసింది నేనే. మా ఇంటిదేనని ఆమెకి చెప్పాను. డెటాల్‌తో కడిగి కట్టు కట్టి, మావారు బండి మీద తీసుకెళ్ళి టీటీ ఇంజెక్షన్ వేయించారు. తర్వాత మూడు రోజులు ఆమె భర్త ఒక్కడే వచ్చి చెత్త ఎత్తుకుపోయాడు.

అప్పటినుంచి వాళ్ళ దగ్గర కాసేపు నిలబడి మాట్లాడటం అలవాటైంది. ఇంటికింతని నెలనెలా మనమిచ్చే డబ్బులు డీజిలుకి, బండి కిస్తీకి సరిపోతాయట. చేతిలో మిగిలేదంతా పొడి చెత్త అమ్మగా వచ్చిందే. అట్టపెట్టె పొడిగా ఉంటే స్క్రాప్ షాపువాడు తూకం వేసుకుంటాడు. అదే అట్ట మీద సాంబారు ఒలికితే పక్కన పడేస్తాడు. పాల కవర్లు కడిగి ఆరబెట్టినవైతే తీసుకుంటాడు, పులిసి కంపు కొట్టేవైతే బేరమే ఉండదు. అంటే మనం అన్నీ కలిపి ముడేసిన ప్రతిసారీ ఆ ఇంటి సంపాదన కొంత పాడుచేస్తున్నాం. ఆ సంగతి అంతవరకూ నాకు తట్టలేదు.

నిజానికి వేరు చేయడం నాకు కొత్త కాదు. 2004 ప్రాంతంలో మావారి ఉద్యోగం సూర్యాపేటలో. మున్సిపల్ కమిషనర్ ఖాదర్ సాహెబ్ గారి హయాం అది. వీధుల్లో చెత్తకుండీలు తీసేసి, ఇంటింటికీ వచ్చి తడి వేరుగా, పొడి వేరుగా పట్టుకెళ్ళేవాళ్ళు. తడి చెత్తతో వానపాముల ఎరువు చేసేవాళ్ళు, పొడిది అమ్మేవాళ్ళు. లక్ష జనాభా ఉన్న ఊరు, మరీ డబ్బున్న ఊరేమీ కాదు. ఎక్కడెక్కడి నుంచో అధికారులు వచ్చి చూసిపోయేవారు. అక్కడున్నన్నాళ్ళూ నేనూ రెండు బుట్టలు పెట్టుకుని ఇచ్చాను. హైదరాబాద్ వచ్చాక ఎవరూ అడగలేదు, నేను మానేశాను. పదేళ్ళకి పైగా మానేశాను. ఆమె చెయ్యి తెగిన రోజు అదే గుర్తొచ్చి ఎక్కువ బాధ కలిగింది.

అపార్టుమెంటు మీటింగులో విషయం పెట్టాను. తడి చెత్త అసలు మన గేటు దాటకుండా ఇక్కడే ఎరువు చేసుకుందామన్నాను. మొదట నాలుగిళ్ళే సరేనన్నాయి. బోరుకి దూరంగా, వెనక గోడ దగ్గర, ఇటుకల మధ్య సందులు వదిలి మూడు తొట్లు కట్టించాం. ఒక్కోటి నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. కూరగాయల తొక్కలు, టీ పొడి, మిగిలిన అన్నం, కూర, చారు, అన్నీ తెచ్చి పోశాం.

పదో రోజుకి కంపు లేచింది. మూడో అంతస్తులో ఉండే ఆయన మెట్ల మీద నిలబడి, "జవహర్‌నగర్ చాలదా మేడమ్, ఇక్కడ కూడా పెట్టారా?" అన్నారు. ఆయన కోపంలో అన్నా, ఆ మాట అక్షరాలా నిజం. సాయంత్రం గాలిలో వచ్చే వాసనే అది, ఇప్పుడు నా కాళ్ళ దగ్గర నుంచి వస్తోంది. తొట్టె అడుగు నుంచి నల్లటి నీళ్ళు కారి మడుగు కట్టాయి. కర్రతో కదిపితే లోపలంతా జిగట ముద్ద. అన్నం పాచిపోయి ఉంది, పుచ్చకాయ తొక్కల మీద తెల్లపురుగులు పాకుతున్నాయి. నాలుగిళ్ళలో రెండిళ్ళవాళ్ళు ఆ రోజే మానుకున్నారు. నాకు రాత్రి నిద్ర పట్టలేదు, టెన్షన్ పడ్డాను.

పక్క ఫ్లాటువాళ్ళ నాన్నగారు జనగామ వైపు రైతు. చూడ్డానికి వచ్చినాయన తొట్టెలోకి తొంగిచూసి ఒకే మాట చెప్పారు. "గాలాడకపోతే మురుగుతది, గాలాడితే మాగుతది బిడ్డా." పారబోయమన్లేదు. మూడు బస్తాల ఎండుటాకులు తెప్పించి, ఆ ముద్దంతా పారతో బయటికి తీయించి, ఆకుతో కలిపి, ఒక వరస ఇది, ఒక వరస అది వేయించారు. పైన కాస్త పాత పేడ, పుల్ల మజ్జిగ చల్లించారు. మూడో రోజుకి కంపు పోయింది. నేను నమ్మలేక మోకాళ్ళ మీద కూర్చుని వాసన చూశాను. అయిదో రోజు ఆయన చెప్పినట్టు చెయ్యి లోపల పెడితే గోరువెచ్చగా తగిలింది, పొయ్యి మీంచి దించిన అన్నం గిన్నె పక్కన చెయ్యి పెట్టినట్టు.

ఇప్పుడు మా పద్ధతి ఇది. చారు, సాంబారు, మజ్జిగ లాంటి నీళ్ళ పదార్థం జాలీలో వంపేశాకే తొట్టెకి పంపాలి. ఒక బక్కెట్టు తడికి రెండు బక్కెట్ల ఎండుటాకు. మూడు నాలుగు రోజులకోసారి తిరగెయ్యాలి. ఒక తొట్టె నిండటానికి నెల పైన పడుతుంది, నిండాక దాన్ని ముట్టుకోకుండా నెలన్నర మాగనిచ్చి జల్లెడ పడతాం. మామిడి టెంకలు, కోడిగుడ్డు పెంకులు పైన మిగిలిపోతాయి, అవి మళ్ళీ కొత్త తొట్టెలోకి వెళ్తాయి. కింద పడేది టీ పొడిలా నల్లగా, పొడిపొడిగా ఉంటుంది. తొలకరి మట్టి వాసన వస్తుంది. నాలుగిళ్ళతో మొదలైంది పద్నాలుగిళ్ళకి చేరింది. మూడో అంతస్తు ఆయన కూడా ఇస్తున్నారు. ఆయన డాబా మీద కుండీల్లో గోంగూర పెట్టారు. తిరగేసే పని వాచ్‌మన్ చేస్తాడు, అందుకు మెయింటెనెన్స్ నుంచి నెలకి రెండు వేలు విడిగా ఇస్తాం. ఊరికే చేయించుకోవడం తప్పని మొదటే అనుకున్నాం.

మా పద్నాలుగిళ్ళ తడి చెత్త రోజుకి పన్నెండు, పదమూడు కిలోలు తూగుతుంది. స్ప్రింగ్ కాటాతో నెల రోజులు నేనే తూచాను. హైదరాబాద్ నుంచి రోజుకి ఏడు వేల టన్నులకు పైగా చెత్త వస్తుంది, అందులో సగం దాకా వంటింటి తడే. అంత తడి ఒకేచోట గుట్టగా పడితే ఏం జరుగుతుందో నాలుగడుగుల తొట్టెలో చూశాను కాబట్టి నాకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. గాలాడక మురుగుతుంది. మీథేన్ అనే మండే గ్యాస్ పుడుతుంది. నల్లనీళ్ళు కిందికి దిగుతాయి. యార్డు పక్కనున్న మల్కారం చెరువు నల్లబడింది అలాంటి నీళ్ళతోనే. జవహర్‌నగర్‌లో పాత గుట్టని మట్టితో, షీట్లతో కప్పారు. 2020లో అక్కడ చెత్త మండించి కరెంటు తీసే 19.8 మెగావాట్ల ప్లాంటు మొదలైంది. అవి కావలసినవే. కానీ పచ్చి కట్టె పొయ్యిలో పెడితే మంటకన్నా పొగే ఎక్కువని మన అమ్మమ్మలందరికీ తెలుసు. తడి కలిసిన చెత్త మండించడం కూడా అంతే కష్టం. ఆ తడినే వేరు చేస్తే ఎంత విలువో బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో తెలిసింది. అక్కడ పుచ్చులు, తొక్కలు, ఆకులు కలిపి రోజుకి పది టన్నుల దాకా బయోగ్యాస్ ప్లాంటులో వేసి కరెంటు, వంటగ్యాస్ తీసే ఏర్పాటు చేశారు. 2021 జనవరిలో ప్రధానమంత్రి కూడా రేడియోలో దాని గురించి చెప్పారు.

2016లో కేంద్రం తెచ్చిన చెత్త నిబంధనల్లో, 5,000 చదరపు మీటర్లు దాటిన గేటెడ్ కమ్యూనిటీలు తడి చెత్తని వీలైనంతవరకు తమ ఆవరణలోనే ఎరువుగానో గ్యాస్‌గానో మార్చుకోవాలని రాశారు. మాది అంత పెద్ద స్థలం కాదు, ఆ నిబంధన మాకు వర్తించేది కాదు. అయినా మూడు తొట్లకి చోటు దొరికింది. క్లబ్‌హౌసు, ఈతకొలను కట్టుకోగలిగినవాళ్ళు ఒక మూల పది తొట్లు కట్టుకోలేరా అని నేను గట్టిగా అడుగుతున్నాను. అవే నిబంధనల్లో ఇంకో సంగతి ఉంది. శానిటరీ ప్యాడ్లు, డైపర్లు తయారుచేసే కంపెనీలు వాటిని చుట్టి పడేయడానికి ప్యాకెట్టుతోపాటే కవర్లు ఇవ్వాలని రాశారు. అలాంటి కవర్లు ఉన్నా లేకపోయినా, మా అపార్టుమెంటులో ఆడవాళ్ళం మాట్లాడుకుని పాత పేపర్లో చుట్టి, పైన ఎర్ర స్కెచ్‌పెన్‌తో గుండ్రంగా గుర్తు పెట్టి విడిగా ఇస్తున్నాం. గాజు ముక్కలకీ, షేవింగ్ బ్లేడ్లకీ అదే గుర్తు. ఇది మాట్లాడటానికి మొదట సిగ్గుపడ్డాం. కానీ ఆటోలో ఆమె అవన్నీ వట్టి చేతులతో విప్పుతోంది కదా, ఇక మాకు సిగ్గేమిటి.

అధికారులను కూడా ఒకటి అడగాలి. ఒకసారి మా ఆటో పాడైతే వారం రోజులు వేరే బండి వచ్చింది. మేం విడివిడిగా పెట్టినవన్నీ మా కళ్ళముందే ఒకే గుట్టలో కుమ్మరించారు. ఇదేమిటంటే, "అక్కడికి పోయినాక అన్నీ ఒక్కటే" అన్నారు. ఆ ఒక్క మాటతో అయిదిళ్ళవాళ్ళు వేరు చేయడం మానేశారు. మళ్ళీ వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి బతిమాలి ఒప్పించడానికి నాకు రెండు నెలలు పట్టింది. చెత్త బండిలో మధ్యన ఒక అడ్డు రేకు బిగించండి. అటుపక్క అరలోదీ ఇటుపక్క అరలోదీ చివరిదాకా కలవకుండా చూడండి. బండి మీద పనిచేసేవాళ్ళు చేతులు కడుక్కోవడానికి దారిలో ఒక కుళాయి, సబ్బు ఏర్పాటు చేయండి. ఇవేవీ కోట్లు అడిగే పనులు కావు.

ఫిబ్రవరిలో కానుగలు ఆకు రాలుస్తాయి. అంతకుముందు మా కాలనీ పార్కులో ఆ ఆకంతా కుప్పవేసి తగలబెట్టేవాళ్ళు. ఊడ్చేవాళ్ళతో మాట్లాడి, బస్తాలు మేమే ఇచ్చి, నింపి పెడితే మోసుకొచ్చి మెట్ల కింద దాచుకుంటున్నాం. ఏడాది పొడుగునా తొట్లకి అదే ఆధారం. ఇప్పుడు మా దగ్గర ఆకు మా అవసరానికి మించి ఉంది. మాగిన ఎరువు కూడా రెండు గంపలు పక్కన పెట్టాం. పాలకి తోడు వేసినట్టు కొత్త తొట్టెలో రెండు దోసిళ్ళు పాత ఎరువు వేస్తే తొందరగా అందుకుంటుంది. చెయ్యి తెగినావిడ కిందటి నెల ఒక సంచి పట్టుకెళ్ళి తన ఇంటి ముందు బీరపాదుకి వేసింది. చుట్టుపక్కల అపార్టుమెంట్లవాళ్ళు ఎవరైనా మొదలుపెట్టాలనుకుంటే ఆకు, తోడు రెండూ ఇస్తాం. ఆదివారం పొద్దున ఏడింటికి తొట్లు తిరగేస్తాం, ఆ వేళకి వస్తే ఎలా చెయ్యాలో చూపిస్తాం కూడా.

ఇట్లు,
ఒక గృహిణి, కాప్రా, హైదరాబాద్