మంత్రి గారూ, మా పిల్లల దగ్గుకి టెస్ట్ ఎక్కడ చేయించాలి?

ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం సార్,

మా వాడికి ఏడేళ్లు. పోయిన వానాకాలంలో మామూలు జలుబులాగే మొదలైంది, నాలుగో రోజుకి జ్వరం 102, దగ్గర్లో క్లినిక్‌లో అమాక్సిసిలిన్ సిరప్ రాశారు, అయిదు రోజులు తాగించాం, దగ్గు తగ్గకపోగా రాత్రంతా కూర్చోబెట్టి వీపు నిమరడమే నా పని అయింది. పగలు మాత్రం సైకిల్ తొక్కుతూనే ఉన్నాడు! అందుకే మేమూ తేలిగ్గా తీసుకున్నాం, అది మా తప్పే. ఇంకో డాక్టర్ గారు ఎక్స్‌రే తీయిస్తే కుడి ఊపిరితిత్తి కింద భాగమంతా తెల్లగా ఉంది. మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా వల్ల వచ్చిన న్యుమోనియా అన్నారు.

ఈ బ్యాక్టీరియాకి సెల్ వాల్, అంటే కణం చుట్టూ ఉండే గోడ, ఉండదంట సార్, అమాక్సిసిలిన్ లాంటి మందులు పడగొట్టేది ఆ గోడనే, గోడే లేకపోతే ఎన్ని సీసాలు పోసినా ఏం లాభం. అజిత్రోమైసిన్ అనే వేరే రకం యాంటీబయాటిక్ ఇచ్చాక మూడో రోజుకి జ్వరం దిగింది.

చాలామంది పిల్లలకి తగ్గిపోతుంది, భయపెట్టాలని రాయట్లేదు. కానీ కొందరికి ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరుతుంది, నోరంతా పుళ్లు పడతాయి, అరుదుగా మెదడుకీ వాపు వస్తుంది.

2023 నవంబర్‌లో ఉత్తర చైనాలో ఇలాంటి న్యుమోనియాలు వచ్చిన పిల్లలతో ఆస్పత్రులు నిండితే మన కేంద్రం కూడా బెడ్లు, ఆక్సిజన్ చూసుకోమని రాష్ట్రాలకి లెటర్ రాసింది. ఆ గోల తగ్గాక అందరం మర్చిపోయాం. ఇదేమో కొన్నేళ్లకోసారి పెరిగే జబ్బు, 2024లో అమెరికాలో రెండు నుంచి నాలుగేళ్ల పిల్లల్లో కూడా బాగా పెరిగింది.

అలాగని దగ్గిన ప్రతి పిల్లాడికీ అజిత్రో ఇమ్మని నేను అనట్లేదు సార్. మెడికల్ షాపులో చీటీ లేకుండానే చాక్లెట్లలా ఇస్తున్నారు ఇప్పటికే. చైనాలో అలా వాడీ వాడీ చాలా కేసుల్లో ఆ మందు పనిచేయకుండా పోయింది. కాబట్టి టెస్టే కావాలి. ప్రైవేట్ ల్యాబ్‌లో పీసీఆర్ ప్యానెల్ (ఒకేసారి చాలా క్రిముల్ని వెతికే టెస్టు) అంటే వేలల్లో బిల్లు, కూలికెళ్లే వాళ్లు ఎక్కడ తెస్తారు? కోవిడ్ టైంలో జిల్లాల్లో పెట్టిన ఆర్‌టీపీసీఆర్ మెషిన్లున్నాయి కదా, వాటికి మైకోప్లాస్మా కిట్లు ఇప్పించండి.

ఇంకోటి, గురుకులాలు. ఇది సోకాక బయటపడటానికి రెండు మూడు వారాలు పడుతుంది, ఒక్కడు దగ్గడం మొదలయ్యేసరికి పక్క మంచాల పిల్లలకీ అంటుకుని ఉండొచ్చు. వారం దాటి దగ్గుతున్న పిల్లల లిస్టు హాస్టల్ నుంచి పీహెచ్‌సీకి వెళ్లేలా ఒక్క సర్క్యులర్ వేయండి సార్, వానలు మొదలయ్యేలోపే.

ఇట్లు,
ఒక అమ్మ, ఖమ్మం జిల్లా